టానిక్ సీసా మీద చుట్టిన పైపు

రాజాంలో పాలకొండ రోడ్డు షెడ్ల దగ్గర సత్యానందం ఇంటిపేరేమిటని అడిగితే ఎవరూ చెప్పలేరు. బ్రేకుల సత్యానందం అంటే మాత్రం దారినపోయేవాడైనా వేలు పెట్టి చూపిస్తాడు. ఇంజను జోలికి పోడు, గేరుబాక్సు ముట్టడు. రంగులేసేవాళ్లంటే ఆయనకు మరీ చులకన, మొహానికి పౌడరు రాసే పని అంటాడు. బండి కదలకపోతే ఎవరి ప్రాణమూ పోదు, ఆగకపోతేనే పోతుందని ఆయన వాదన. వయసులో ఉన్నప్పటినుంచీ ఆ ఒక్క పనే పట్టుకుని కూర్చున్నాడు.

ఆయన షెడ్డుకో కట్టుబాటు ఉంది. బ్రేకు పని ఎవరి చేత్తో జరిగిందో వాళ్లు, లోడు మీద మొదటి ట్రిప్పుకి డ్రైవరు పక్కన ఎక్కి కూర్చోవాలి. పని నేర్పిన గురువు పెట్టిన ఆనవాయితీ అది. తిరిగొచ్చి డ్రైవరు "బాగుంది" అంటేనే పని అయినట్టు. పక్క షెడ్లవాళ్లు వెక్కిరిస్తారు, సత్యానందం పనికి పని, షికారుకి షికారు అని. ఒకప్పుడు ఆయన కూడా వాళ్లతో కలిసి నవ్వేవాడు. ఇప్పుడు నవ్వడు. ఆ కట్టుబాటే ఆయన కొడుకుని మింగేసింది.

కొడుకు పేరు పృథ్వీరాజ్. కాలేజీలో చేర్పిస్తే రెండో ఏడు మధ్యలో పుస్తకాలు అటక మీద పడేసి షెడ్డుకి వచ్చాడు. సత్యానందం పైకి తిట్టాడు గానీ లోపల్లోపల పొంగిపోయాడు. కుర్రాడికి బ్రేకు నూనె పోయే సన్న పైపు వంచడం తండ్రి కంటే బాగా అబ్బింది. బండి అదురుకి పైపు విరిగిపోకుండా పెడల్ దగ్గర రెండు మూడు చుట్లు చుట్టి వదులుతారు. ఊళ్లో అందరూ ఆ చుట్టని ఏ ఇనప గొట్టం మీదో గుండ్రంగా తిప్పుతారు. వీడు మాత్రం తల్లి బేబీ రక్తం తక్కువని తాగిన టానిక్ సీసాలో ఇసక దట్టించి దాని మీద చుట్టేవాడు. సీసా కోలగా ఉండేది కాబట్టి చుట్ట కూడా కోలగా వచ్చేది. "కుదురుగా కూకుంటాది నాన్నా" అనేవాడు. అలాంటి చుట్ట రాజాంలో ఇంకో చెయ్యి చుట్టలేదు.

తండ్రి వాడికి నేర్పింది ఒకటే. పైపు బండిలో కలిసిపోవాలి, వేలాడకూడదు, కంటికి కనపడకూడదు. చూసినవాడు ఇది కంపెనీలోనే ఇలా వచ్చిందనుకోవాలి. బిగువుగా, దగ్గరగా, పొందిగ్గా. చాదస్తమంటే చాదస్తమే. ఆ పొందికని చూసుకుని మురిసిపోవడం ఆయన బలహీనత.

రైస్ మిల్లు రమేష్‌బాబుకి ఒక పాత మినీ లారీ ఉండేది. దాని ఇంజను చచ్చిపోతే వేరే బండి ఇంజను తెచ్చి ఎక్కించాడు. పాత ఇంజనుకి పొగ గొట్టాలు ఎడమవైపు ఉండేవి. మనిఫోల్డ్ అంటారు షెడ్లలో, ఇంజను కడుపులోంచి మంట లాంటి పొగ బయటికొచ్చే గొట్టాలు. కొత్తదానికి అవి కుడివైపు, డ్రైవరు పక్కకొచ్చాయి. సరిగ్గా బ్రేకు పైపు పోయే దారిలో. పైపుకి కొత్త దారి వెతకాల్సి వచ్చింది. ఆ పని పృథ్వీరాజ్‌ది. తండ్రి చెయ్యి పెట్టకుండా వాడు ఒక్కడే చేసిన మొదటి పని.

వాడు ఆ పైపుని పొగ గొట్టాల కిందనుంచి, వేలు దూరేంత సందు ఇచ్చి, గొట్టం వంపుకి తగ్గట్టు వంపు తిప్పి, బండి అడుగు చట్రానికి, ఛాసీకి, క్లిప్పులేసి వెనక చక్రాల దాకా తీసుకుపోయాడు. ఎక్కడా తగల్లేదు. ఎక్కడా వేలాడలేదు. సత్యానందం బండి కింద పడుకుని మొదలునుంచి చివరిదాకా చేత్తో తడిమాడు. "నా సెయ్యి నీకు వచ్చీసిందిరా" అన్నాడు. కొడుక్కి అంతకు మించిన మెప్పు అంతకు ముందెప్పుడూ దొరకలేదు.

లోడెత్తారు. బియ్యం బస్తాలు, సాలూరు ఘాట్ మీదుగా ఒడిశాకి. డ్రైవరు దాలయ్య. వరి పండించుకునే ఇంటినుంచి వచ్చి స్టీరింగు పట్టినవాడు. వాళ్లది ఒక దేవుడు, వీళ్లది ఒక దేవుడు, అయినా బేబీకి వాడు తమ్ముడే. ప్రతి క్రిస్మస్‌కీ వచ్చి కాళ్లు జాపుకుని కూర్చుని, "అక్కా, ముక్కలేవీ, అన్నీ ఎముకలే యేసినావు" అని గొడవ పెట్టి తినేవాడు. సత్యానందాన్ని బావా అనేవాడు. పృథ్వీరాజ్ వాణ్ణి మావా అనేవాడు. అటువంటి మావ పక్కన కొడుకు ఎక్కి కూర్చుంటే తండ్రికి బెంగ దేనికి? చెయ్యూపి పంపించాడు.

ఘాట్ ఎక్కడం అయిపోయింది. పైన ఒక దిగుడు, దిగుడు చివర మలుపు. ఆ మలుపు దగ్గర బండి ఆగలేదు. కుడిపక్క లోయ, ఎడమపక్క కొండ. దాలయ్య బండిని కొండకేసి తిప్పాడు. ఎడమపక్క కేబిన్ నుజ్జయిపోయింది. దాలయ్యకి తల పగిలింది. పృథ్వీరాజ్ అక్కడికక్కడే పోయాడు.

"పెడల్ కిందకంటా దిగిపోనాది, బ్రేకు లేదు" అని దాలయ్య మొత్తుకున్నాడు. మర్నాడు మధ్యాహ్నం తనిఖీకి వచ్చినాయన పెడల్ తొక్కి చూశాడు. గట్టిగా ఉంది. బ్రేకు పని తెలిసినవాడు కదా అని సత్యానందాన్ని కూడా తీసుకెళ్లి తొక్కమన్నారు. కొడుకు నెత్తురు ఇంకా ఆరని కేబిన్‌లో ఎక్కి ఆయన తొక్కాడు. రాయిలా ఉంది. ఘాట్లలో చక్రాల దగ్గర బ్రేకు డ్రమ్ములు కాలి బ్రేకు నూనె మరిగిపోతుందని ఆయనకు తెలియక కాదు. కానీ అది గంటసేపు తొక్కుతూ దిగితే జరిగే సంగతి. వీళ్లు ఎక్కుతూ పోయారు, ఆ దిగుడు దాకా బ్రేకు మీద కాలు పెట్టే పనే లేదు, డ్రమ్ములు కాలే దారి లేదు. నూనె మరగలేదు, పైపు పగల్లేదు, పెడల్ గట్టిగా ఉంది. మరి తప్పెవరిది?

తలకి కట్టుతో దాలయ్య షెడ్ల ముందున్న టీ బడ్డీ దగ్గరికి వచ్చినప్పుడు, సత్యానందం అందరి ముందూ వాణ్ణి చెంప పగలగొట్టాడు. "బ్రేకు మావోడు సేసినాడు. నాను తొక్కి సూసినాను. నువ్వే తొక్కలేదు. నీ పక్క కాసుకుని నా కొడుకు పక్క గుద్దించీసినావు" అన్నాడు. బేబీ మన్ను దోసిటపట్టి వాడి మీద పోసింది. "నీ కాలు సచ్చుబడిపోను" అని శపించింది. దాలయ్య మీది మన్ను కూడా దులుపుకోకుండా వెళ్లిపోయాడు. బ్రేకుల సత్యానందమే అన్నాక ఇంకెవరు బండి ఇస్తారు? కేసు నడిచింది, వాడు కొన్నాళ్లు లోపల ఉండి వచ్చాడు. మళ్లీ స్టీరింగు ముట్టలేదని, శ్రీకాకుళంలో ఎక్కడో ఉన్నాడని ఎవరో చెప్పారు. సత్యానందం విననట్టు ఊరుకున్నాడు.

మొగుడూ పెళ్లాలకి ఆ తర్వాత మిగిలింది రెండే రెండు. వాడు చేసిన పని తప్పు కాదు అన్న మాట ఒకటి, దాలయ్య మీద కోపం ఒకటి. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల అని రొట్టే ద్రాక్షరసమూ ఇస్తారు. ఎవరి మీదైనా పగ ఉన్నవాళ్లు రొట్టె ముట్టకూడదని పాస్టరుగారు చెప్పగానే ఇద్దరూ లేచి బయటికొచ్చి, చెప్పుల దగ్గర నిలబడతారు. సంవత్సరాలు గడిచాయి. పాస్టర్లు మారారు గానీ వాళ్లిద్దరూ నిలబడే చోటు మారలేదు. "నా కొడుకు పనికి వంక పెట్టినోడు లేడు" అని బేబీ వచ్చినవాళ్లందరికీ చెప్పేది. ఆ మాట పట్టుకునే ఆవిడ లేచి తిరుగుతోందని సత్యానందానికి తెలుసు.

ఈ ఎండాకాలం నూకయ్య అనే వ్యాపారి ఒక పాత మినీ లారీ తోలుకొచ్చాడు. కొండ మీద సంతల్లో చింతపండు, కొండచీపుర్లు కొని కిందకు తెచ్చి అమ్ముకునే మనిషి. బండి ఈమధ్యే కొన్నాడట. అంతకు ముందున్నవాళ్లు పొలాల మధ్య రోడ్లమీద గడ్డీ ఇటికలూ తోలుకున్నారట, ఏనాడూ పేచీ పెట్టలేదట. ఈయన మొదటిసారి కొండెక్కించాడు.

"ఎక్కినంతసేపూ రాజానాగ ఎక్కినాది బాబూ. దిగుడులో తొక్కితే పెడల్ నేలకి దిగిపోనాది. పక్కన నువ్వుసేను ఉన్నాది గాబట్టి అందులోకి దూర్చీసినాను. నేకపోతే మాయావిడ గాజులు పగలగొట్టుకునీది. తీరా మెకానిక్కుని తెస్తే పెడల్ బాగానే ఉన్నాది. ఆడు నన్నే తిట్టినాడు, తాగినావేటి అని."

సత్యానందానికి ఎక్కడో విన్న మాటలా అనిపించింది గానీ పట్టించుకోలేదు. బండి ముక్కు వేరు, కేబిన్ వేరు, రంగు పచ్చ. నంబరు చూస్తే తెలిసిపోయేదే, కానీ ఆయన కళ్లు ఎప్పుడూ నంబరు మీదకి పోవు, బండి కిందకే పోతాయి. గోనె పరుచుకుని, టార్చి పట్టుకుని కిందకి జరిగాడు.

పెడల్ దగ్గర చుట్ట కనపడింది. కోల చుట్ట.

ఆయన టార్చి ఆర్పేసి చీకట్లో చేత్తో తడిమాడు. మూడు చుట్లు. బొటనవేలు ఎక్కడ ఆనుతుందో, ఎక్కడ జారుతుందో వేళ్లకి గుర్తుంది. కేబిన్ మార్చి రంగేశారు గానీ, ఇది రమేష్‌బాబు బండే. చుట్టనుంచి పైపు వెంట చెయ్యి పోనిచ్చాడు. వంపు, వంపు తర్వాత పొగ గొట్టాలు, వాటి కింద వేలు దూరేంత సందు. మళ్లీ టార్చి వేసి చూస్తే, మిగతా అంతా బాగున్నా, ఆ జానెడు మేర పైపు నల్లగా కమిలి, పొట్టు లేచిపోయి ఉంది. సత్యానందం వేలు అక్కడే ఆగిపోయింది.

"ఏటి బాబూ, నిద్దరోయినావేటి కింద?" అన్నాడు నూకయ్య.

ఆయన ఆ చుట్టని రెండు చేతులా పట్టుకున్నాడు. కొడుకుని మట్టిలో పెట్టాక, వాడి చెయ్యి తగిలిన వస్తువు ఇన్నేళ్లకు ఆయన చేతికి తగిలింది. ముద్దు పెట్టుకోవాలనిపించింది. దాన్ని చూసి భయం కూడా వేసింది. ఎందుకంటే కమిలిన చోటు చూడగానే ఆయనకు అంతా అర్థమైపోయింది. అయినా అబద్ధం కావాలని, ఇంకేదో కారణం దొరకాలని, బండి కిందనుంచి లేచి పరీక్ష పెట్టాడు.

ఇంజను స్టార్ట్ చేయించి, ఎక్సలేటరు కింద చెక్కముక్క బిగించి, ఘాట్ ఎక్కేటప్పుడు ఎంత అరుస్తుందో అంత అరిపించాడు. పొగ గొట్టాలు ఎర్రబడే దాకా అలాగే ఉంచాడు. షెడ్డు షెడ్డంతా కాలిన వాసన. బ్రేకు ఒక్కసారి కూడా తొక్కలేదు, డ్రమ్ములు చల్లగానే ఉన్నాయి. అప్పుడు నూకయ్యని తొక్కమన్నాడు.

"దిగిపోనాది! అదిగో! ఆవేళా ఇలగే!" అని అరిచాడు నూకయ్య.

బ్రేకు తొక్కితే కదిలేది పైపులో ఉండే నూనె. నూనె నలగదు కాబట్టే మన కాలి బలం చక్రం దాకా పోతుంది. అది మరిగి ఆవిరైతే, ఎంత తొక్కినా ఆవిరి నలుగుతుందే తప్ప చక్రాన్ని పట్టదు. చక్రాల దగ్గరే మరుగుతుందనుకున్నాడు సత్యానందం ఇన్నాళ్లూ. ఇక్కడ పైపు నడుమనే, పొగ గొట్టం కింద మరుగుతోంది. ఇంజను కట్టేసి ఇద్దరూ టీ బడ్డీకి వెళ్లారు. నూకయ్య ఏదో మాట్లాడుతూనే ఉన్నాడు. తిరిగొచ్చి సత్యానందం కేబిన్ ఎక్కి తొక్కాడు. చల్లారిన ఆవిరి మళ్లీ నూనె అయిపోయి, పెడల్ రాయిలా ఉంది. ఆ రోజులాగే. దొంగ ఇల్లు దోచుకుని, పోతూ పోతూ తలుపు గడియ పెట్టి పోయినట్టు, ఆనవాలే లేదు. ఆయన స్టీరింగు మీద తలపెట్టుకుని ఏడ్చాడు. నూకయ్య బెదిరిపోయి, పెళ్లాంబిడ్డలు బాగున్నారా అని అడిగాడు.

కొడుకు వేసిన పైపు విప్పడానికి ఆయనకు పూట పట్టింది. నట్లు బిగుసుకుపోయి కాదు. ప్రతి క్లిప్పు కిందా సైకిలు ట్యూబు ముక్క మడతపెట్టి ఉంది, ఒక్కొక్కటీ విప్పి జేబులో వేసుకున్నాడు. తర్వాత కొత్త పైపు వంచాడు. పొగ గొట్టాల ఛాయలకే పోకుండా పెడల్ దగ్గరనుంచి పైకెత్తి, చక్రం గొడుగు, అదే మడ్‌గార్డు, మీదుగా తిప్పి, ఛాసీ బయటిపక్కకి దించి, అక్కడినుంచి వెనక్కి తీసుకుపోయాడు. మధ్యలో వేడి తగలకుండా రేకు అడ్డం పెట్టాడు. చుట్టూ తిరిగి, ఎత్తులూ పల్లాలూ పడి, చూడ్డానికి అసహ్యంగా ఉంది. ఏ పాలిటెక్నిక్ కుర్రాడు చూసినా నవ్వుతాడు. కానీ ఇంజను ఎంత అరిచినా ఈసారి పెడల్ దిగలేదు. మూరెడు పైపు ఎక్కువ పెడితే బతికే కొడుకుని, బిగువూ పొందికా అని నేర్పి తనే చంపుకున్నాడని ఆయనకు అనిపించింది. ఆ అనిపించడంలో అబద్ధమేమీ లేదు.

బేబీకి ఏమని చెప్పాలి? నీ కొడుకు పనే నీ కొడుకుని చంపిందనా? ఆ మాట ఆవిడ కాళ్ల కింద నేల లాగేస్తుంది. చెప్పకపోతే? అక్కడ ఒకడు చెయ్యని పాపం మోస్తూ ఉన్నాడు. రెండు రోజులు అన్నం కెలికి వదిలేశాడు. ఆదివారం వచ్చింది. సామాన్లకి శ్రీకాకుళం వెళ్తున్నానని చెప్పి, పైపుని సంచిలో పెట్టుకుని బస్సెక్కాడు. చర్చి మానేసి, అందులోనూ మొదటి ఆదివారం, ఎక్కడికి పోతున్నాడని బేబీ అడగలేదు.

అడిగి అడిగి వెతికితే, దాలయ్య అరసవల్లిలో, సూర్యదేవుడి గుడికి పోయే దారిలో చెప్పులు కాసే చోట దొరికాడు. ఆదివారం కాబట్టి జనం విరగబడుతున్నారు. చెప్పులు తీసుకోవడం, బిళ్ల ఇవ్వడం, బిళ్ల తీసుకోవడం, చెప్పులు ఇవ్వడం. మనిషి సగమైపోయాడు. సత్యానందాన్ని చూసి లేచి నిలబడ్డాడు, మళ్లీ దెబ్బ పడుతుందేమో అన్నట్టు చెయ్యి మొహం దగ్గరికి పోయింది. అది చూసి సత్యానందానికి అక్కడే చచ్చిపోవాలనిపించింది.

సంచిలోంచి పైపు తీసి చూపించి, కమిలిన చోటు చూపించి, జరిగింది జరిగినట్టు చెప్పాడు. "నువ్వు తొక్కినావు, దాలయ్యా. నీ కాలు తొక్కింది. బ్రేకే నేదు."

దాలయ్య పైపు అందుకుని చాలాసేపు తిప్పి తిప్పి చూశాడు. ఎవరో చెప్పులకోసం కేకేస్తే వినపడలేదు.

"మొదట్ల తొక్కినాననే సెప్పినాను బావా. అందరూ నేదంటే, నువ్వు కూడా నేదంటే, నాకే అనుమానం వచ్చీసింది. నిద్దరట్టేసిందేమో, బ్రేకనుకుని ఇంకోటి తొక్కీసినానేమో అని. ఇప్పుడు నాకు కలొస్తాది సూడు, ఆ కల్లో నాను తొక్కను. మలుపు వచ్చేస్తన్నా అలగ సూస్తూ కూకుంటాను."

దాలయ్య పైపు కమిలిన చోట వేలు పెట్టాడు.

"ఈ పైపు ఆవేళ నువ్వు సూసినావు గదా బావా? కింద తొంగుని సూసినావు. నాకు గేపకం ఉన్నాది."

"సూసినాను."

"బాగుందన్నావు."

"అన్నాను."

దాలయ్య పైపు తిరిగి ఇచ్చేశాడు. కోపం లేదు, ఓదార్పూ లేదు. "ఎక్కడ కొట్టినావో అక్కడ సెప్పు. అందరి ముందూ సెప్పు. అక్క ముందు సెప్పు. రేపు పొద్దున్న నాను వస్తాను" అని, తన పనికి తను తిరిగిపోయాడు.

ఇంటికొచ్చి సత్యానందం పైపుని బేబీ ముందు పెట్టి చెప్పేశాడు. ఆవిడ బియ్యం ఏరుతోంది. విన్నంతసేపూ ఏరుతూనే ఉంది. కోల చుట్టని చూసినప్పుడు మాత్రం చెయ్యి ఆగింది. "నా బిడ్డ పనికి వంక పెడతన్నావా?" అంది. "నేదే, నా పనికి పెడతన్నాను" అన్నాడాయన. ఆవిడ చేట పట్టుకుని లోపలికి వెళ్లి తలుపేసుకుంది. పొద్దున్నే ఆయన బయల్దేరేటప్పటికి ఆ తలుపు అలాగే ఉంది.

సోమవారం, టీ బడ్డీ ముందు నూకయ్య లారీ లోడుతో నిలబడి ఉంది. కొండ మీద సంతకి ఉప్పు బస్తాలు. కట్టుబాటు ప్రకారం సత్యానందం ఎక్కాలి. దాలయ్య పొద్దున్నే బస్సులో దిగాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు, గడ్డం గీయించుకున్నాడు. పెళ్లికి వచ్చినట్టు వచ్చాడు పాపం.

సత్యానందం పైపు పైకెత్తి పట్టుకుని గట్టిగా చెప్పాడు. ఇక్కడే వీణ్ణి కొట్టానని, తప్పు వీడిది కాదని, పైపుదని, ఆ పైపు బాగుందన్నది తనేనని. ఆగకుండా చెప్పాడు. టీ తాగేవాళ్లు గ్లాసులు దించి విన్నారు. తర్వాత ఒకడు పక్కవాడిని అడిగాడు.

"ఏ దాలయ్య?"

"ఏమో. పాత సంగతేదో గావాల."

షెడ్లలో సగంమంది కొత్తవాళ్లు. పాతవాళ్లలో ఒకరిద్దరు "అవునవును, పాపం" అన్నారు. బడ్డీవాడు ఇంకో టీ కావాలా అని అడిగాడు. అంతే. అంత పెద్ద నింద ఊరంతటిదీ అనుకుని దాలయ్య ఊరే వదిలేసి బతికాడు. ఊరు దాన్ని ఎప్పుడో మరిచిపోయింది. దాలయ్య ఇస్త్రీ చొక్కాలో అలా నిలబడి, నలుగురి మొహాల్లోకీ చూశాడు. ఎవరూ వాడి వంక చూడ్డంలేదు. మీద మన్ను పడిన రోజు కూడా వాడు అంత దిక్కులేకుండా కనపడలేదు.

అప్పుడు రోడ్డుకి అవతల బేబీ కనపడింది. తల దువ్వుకోలేదు, చెప్పులు లేవు. ఎంతసేపటినుంచి అక్కడ ఉందో తెలియదు. ఆటోలని చూసుకోకుండా రోడ్డు దాటి, తిన్నగా దాలయ్య ముందుకొచ్చి నిలబడింది. సత్యానందం భయపడ్డాడు. ఆవిడ అరవలేదు.

"తొక్కినావేటి, తమ్ముడా?"

"తొక్కినానక్కా."

ఆవిడ తల ఊపింది. తర్వాత ఇన్నేళ్లూ ఎవరినీ అడగలేనిది, అడగాల్సిన ఒక్క మనిషినీ తరిమేసుకుని అడగలేకపోయినది, అడిగింది. "మావోడు ఆఖర్ని ఏటన్నాడు?"

దాలయ్య కళ్లు రోడ్డు మీద పెట్టాడు. "నిజంగా అన్నాడో, నానే అల్లుకున్నానో అని కూడా అనుమానపడ్డాను ఇన్నాళ్లూ. మలుపు వచ్చేస్తంటే ‘తొక్కు మావా’ అన్నాడు. ‘తొక్కుతన్నాన్రా’ అన్నాను. వొంగి నా కాలు సూసినాడు. సూసి, ‘తొక్కే ఉన్నావు మావా, నీ తప్పు నేదు’ అన్నాడు."

సత్యానందం చేతిలో పైపు కిందపడింది. ఎవరూ తియ్యలేదు. లారీ కేబిన్‌లోంచి నూకయ్య, పొద్దెక్కిపోతోందని హారన్ కొట్టాడు.

బేబీ దాలయ్య రెండు చేతులూ పట్టుకుంది. "మళ్లీ సెప్పు" అంది.

వాడు చెప్పాడు.

"మళ్లీ సెప్పు."